దేశానికొక వంటగది

ఆ ఇంట్లో వంట పని బస్సు డ్రైవరైన భర్తదే. నర్సుగా పనిచేసే భార్యకు డ్యూటీలు మారుతుంటాయి కనుక, పెళ్లయిన కొత్తలోనే గరిటె ఆయన చేతికి వచ్చింది. ఉప్పు తగ్గితే కూతురు నిలదీసేది నాన్ననే.

ఆ ఇంటికి ఒకరోజు ఒక ఫొటోగ్రాఫరు వచ్చాడు. దేశానికొక వంటగది చొప్పున ఫొటోలు తీసి ప్రదర్శన పెడతాడట. తన ఇల్లు దేశం తరఫున నిలుస్తుందంటే డ్రైవరు ఉప్పొంగిపోయాడు. గరిటె పట్టుకుని పొయ్యి దగ్గర సిద్ధమయ్యాడు.

ఫొటోగ్రాఫరు కెమెరా దించాడు. "మీరు కాస్త పక్కకు రండి. మేడంగారు నిలబడితే బాగుంటుంది."

"ఆవిడ పొయ్యి దగ్గరికే రాదండీ!" డ్రైవరు నవ్వాడు.

"కావచ్చు. కానీ చూసేవాళ్లకి ఇది మీ దేశం అనిపించాలి కదా!"

ఫ్రిజ్ పక్క గదిలోకి పోయింది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన నర్సును యూనిఫాం తీసేసి పాత బట్టలు కట్టుకోమన్నాడు ఫొటోగ్రాఫరు.

"ఏవండీ, ఇదేం వేషం? నేను నిలబడను," అందామె.

"ఒక్క నిమిషమేగా! ఇంటికొచ్చిన మనిషిని కాదంటే ఏం బాగుంటుంది?" అని డ్రైవరే బతిమాలాడు. ఫ్రిజ్ నెట్టడానికి చెయ్యి వేసిందీ ఆయనే.

ప్రదర్శనకు ముగ్గురూ ముస్తాబై వెళ్లారు. పొయ్యి ముందు తల వంచుకున్న నర్సు ఫొటో గోడంత ఉంది. కింద అక్షరాలు: 'ఈ దేశపు స్త్రీకి వంటగదే లోకం.' పక్క ఫొటోలో వేరే దేశపు భర్త ఒకాయన హాయిగా కూర కలుపుతున్నాడు.

"చూడండి, అక్కడి మగవాళ్లు ఎంత సాయం చేస్తారో! ఇక్కడి మగవాళ్లూ ఉన్నారు, ఎందుకూ?" అంటోంది ఎవరో ఒకావిడ తన భర్తతో.

"నాన్నా, ఫొటోలో నువ్వు లేవేం?" అడిగింది కూతురు.

డ్రైవరుకు తల కొట్టేసినట్టయింది.

"పదండి పోదాం. మా ఆసుపత్రివాళ్లు ఎవరైనా చూస్తారు," అంది నర్సు మెల్లగా.

ఆయన కదల్లేదు. ఫొటోగ్రాఫరును పిలిచి, "సార్, ఇది మా ఇల్లు కాదు," అన్నాడు.

"ఇక్కడ చాలా ఇళ్లల్లో వంట ఆడవాళ్లదే కదండీ? అబద్ధమేం చూపించాను?"

"అయితే ఆ ఇళ్లకే వెళ్లాల్సింది. మా ఇంటికొచ్చి నన్ను తప్పించారు. మరి ఆ పక్క ఫొటోలో ఎవరిని తప్పించారు?"

"ఆయన భార్యని," అని ఒప్పుకున్నాడు ఫొటోగ్రాఫరు.

"మిమ్మల్ని ఒక్కరినే అననులెండి. తప్పుకోమనగానే తప్పుకున్నాను. ఇష్టం లేదంటున్నా ఆవిణ్ని నిలబెట్టింది నేనే," అంటూ డ్రైవరు భార్య వైపు తిరిగాడు. ఆమె అప్పటికే కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడుస్తోంది.

ఫొటోగ్రాఫరు రెండు ఫొటోలనూ తన చేత్తోనే దించాడు.

ఒక్క ఇంటిని చూపించి ఇదే దేశమనడం పొరపాటు. మనం ముందే ఊహించుకున్న దేశం కోసం ఆ ఇంటి మనుషులనే మార్చేయడం సిగ్గుచేటు.