రుద్దకూడని చోటు

మా ఆయనకు సూదిమందు వెయ్యడం వచ్చు. మా కొంప ముంచింది ఆ విద్యే.

కారేపల్లి దాటి అడవి వైపు నాలుగు మైళ్లు లోపలికి వెళ్తే మా ఊరు. పశువుల డాక్టరుకు కబురు పెడితే వారానికి వచ్చేవాడు, అప్పటికి గొడ్డు బతికుంటే దాని అదృష్టం. అందుకని మా ఆయన వెంకటనారాయణ పెళ్లికి ముందే ఒక కాంపౌండరు వెంట తిరిగి పని నేర్చుకున్నారు. ఊళ్లో సగం ఎద్దులకూ బర్రెలకూ ఆయనే సూదులు వేసేవారు. అరచేత్తో ఒక చరుపు, వెంటనే పోటు, సూది తీయగానే ఆ చోట గట్టిగా రుద్దుడు. రుద్దకపోతే మందు అక్కడే నిలిచి కణితి లేస్తుందని ఆయనకు నేర్పినవాడు చెప్పాడట. అది మా ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. గొడ్డు యజమాని కూడా పక్కన నిలబడి ఇంకా రుద్దు, ఇంకా రుద్దు అనేవాడు.

తొంభై రెండులో నా మొదటి కాన్పు ఎనిమిదో నెలలో పోయింది. మగపిల్లవాడు, కళ్లు తెరవలేదు. పదిహేను రోజులకు నా ఎడమ కాలు తొడదాకా వాచింది. కాలి నరంలో నెత్తురు గడ్డకట్టిందనీ, అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కదనీ ఖమ్మంలో డాక్టరమ్మ చెప్పింది. నేను దక్కాను. రెండేళ్ల తర్వాత మళ్లీ నెల తప్పాను. ఈసారి ఆమె మొదటి పరీక్షలోనే చీటీ రాసేసింది.

"హెపారిన్. నెత్తురు పల్చన చేసే మందు. పొట్ట మీద కొవ్వులోకి సూది వెయ్యాలి. పొద్దున ఆరింటికి ఒకటి, సాయంత్రం ఆరింటికి ఒకటి. కాన్పు దాకా, ఆ తర్వాత ఆరు వారాలు. పూట తప్పితే నీకూ బిడ్డకూ నేను పూచీ కాదు హైమా."

ఎలా వెయ్యాలో చూపించడానికి సిస్టరు వచ్చింది. చర్మం మడత ఎలా పట్టుకోవాలో చూపించిందో లేదో, మా ఆయన అందుకున్నారు. "నాకొచ్చు సిస్టర్, మా గొడ్లకు నేనే వేస్త." ఆ అమ్మాయికి వార్డు నిండా పనులు. బతికించారంటూ వెళ్లిపోయింది. సూది తీశాక ఏం చెయ్యాలో ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు. నేనూ అడగలేదు. మా ఇంటి విద్వాంసుడి మీద నాకంత నమ్మకం.

చరుపు ఒక్కటీ నాకు మినహాయించారు, మహానుభావుడు. పోటు కూడా మెత్తగానే వేసేవారు. ఆ తర్వాత దూది పెట్టి రుద్దేవారు, ప్రేమగా, చాలాసేపు.

మొదటి వారంలో నాలుగు మచ్చలు వచ్చాయి. నెల తిరిగేసరికి పొట్ట రెండు పక్కలా నేరేడుపండు రంగు తేలింది. పాతవి పసుపు తిరిగేలోపు వాటి మీదే కొత్తవి. చీర కుచ్చిళ్లు దోపుకుంటే నొప్పి, పక్కకు ఒత్తిగిలితే నొప్పి. లోపల బిడ్డ తన్నితే సంతోషపడాలో ఏడవాలో తెలిసేది కాదు. పొద్దునా సాయంత్రం ఆరు కాబోతుంటే దొడ్లో ఏదో పని కల్పించుకునేదాన్ని. ఆయన వంగి నొప్పిలేని చోటు వెతికేవారు. "ఇక్కడ?" అంటే వద్దనేదాన్ని. "ఇక్కడ?" వద్దు. చివరికి ఏదో ఒక చోట కళ్లు మూసుకునేదాన్ని.

ఏడో నెలలో మా అత్తగారు బుల్లెమ్మ నాకు నీళ్లు పోస్తూ చూసింది. చెంబు కింద పెట్టేసింది.

"ఏంది బిడ్డా గిది? వాడు గిన తన్నిండా నిన్ను?"

"లేదత్తమ్మా. సూదులవి."

"గిన్ని నెత్తురు తోలు కిందనే చేరితే లోపలి పసిగుడ్డుకు ఏం మిగుల్తది? ఆపుర్రి ఇగ. నా మాట ఇనుర్రి."

ఆ సాయంత్రం గుడ్డలో వేడి ఉప్పు మూటకట్టి కాపడం పెట్టింది. పాపం, మంచికే పెట్టింది. తెల్లారేసరికి మచ్చ అరచెయ్యంత అయింది. అది చూసి మా ఆయన అన్నం సగంలో వదిలి లేచిపోయారు.

ఆ రోజు నుంచి కొత్త మచ్చలు రావడం ఆగిపోయింది.

మంట మాత్రం ముందుకన్నా ఎక్కువైంది. మందు లోపలికి పోతుంటే పళ్లు బిగబట్టాల్సి వచ్చేది, అరగంటలో చల్లారేది. కానీ మర్నాడు చూసుకుంటే చర్మం శుభ్రంగా ఉండేది. నేను పొంగిపోయాను. ఒళ్లు అలవాటు పడిందన్నాను. "అవ్, అలవాటైంది" అన్నారాయన, గోడకున్న క్యాలెండరు చూస్తూ. పాత మచ్చలు పచ్చబడి, పచ్చవి మాయమవుతుంటే అద్దం ముందు నిలబడి మురిసిపోయాను కూడా. నాలాంటి తెలివైనదాన్ని ఎక్కడా చూసి ఉండరు.

ఆరో రోజు మధ్యాహ్నం నుంచి ఎడమ పిక్క పట్టేసినట్టు లాగుతోంది. సాయంత్రం కొట్టం ఊడ్చే సక్రి కుంటుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చుంది. అరికాలి నుంచి నెత్తురు కారుతోంది.

"ఏ గొడ్డుకు జబ్బు చేసిందమ్మా? సూది సీసాలు పెంటల పారేసిండ్రు. గుచ్చుకున్నది నాకు."

కొంగులోంచి గాజు ముక్కలు తీసి చూపించింది. సన్నటి మెడ విరిచిన చిన్న సీసాలు. పశువులకు పొడి మందు కలిపే నీళ్ల సీసాలవి, మా ఆయన రేకుపెట్టెలో ఉంటాయి. మా గొడ్లలో దేనికీ జబ్బు లేదు. ముక్కలు జత చేసి చూస్తే పది సీసాలు తేలాయి. ఐదు రోజులు, రోజుకు రెండు పూటలు.

లేచి మంచినీళ్ల కుండ దగ్గరికి వెళ్లాను. పక్కన తడిగుడ్డలో చుట్టి ఉంది హెపారిన్ సీసా. ఐదు పూటల మందది, రెండున్నర రోజుల్లో ఖాళీ కావాల్సింది, పోయిన వారం ఎంత ఉందో అంతే ఉంది.

ఐదు రోజులుగా నా పొట్టలోకి పోయింది ఆ నీళ్లే. ఎడమ పిక్క చేత్తో పట్టుకుంటే వెచ్చగా తగిలింది, గట్టిగా ఉంది. మొదటి బిడ్డ తర్వాత కూడా ఇలాగే మొదలైంది. గడియారం చూశాను. ఆరుకు పది నిమిషాలుంది. మా ఆయన ఎరువుల కోసం కారేపల్లి పోయారు. అత్తగారిని పిలిస్తే సూది లాక్కుని దాచేస్తుంది. పొద్దున దాకా బండి దొరకదు. సక్రి కాలికి గుడ్డ కట్టి పంపించి లోపల గడియ పెట్టుకున్నాను.

మూడు నెలలుగా చూస్తున్న పనే. సీసా మూత తుడవడం, సిరంజి గీత దాకా మందు లాగడం, బుడగలు పోగొట్టడం. అంతవరకు చేతులు మాట విన్నాయి. చర్మం మడత పట్టుకుని సూది ఆనించాక ఆగిపోయాను. మూడు లెక్కపెట్టాను, వెయ్యలేదు. మళ్లీ లెక్కపెట్టాను, వెయ్యలేదు. ఒకరు పొడుస్తుంటే కళ్లు మూసుకోవడం వేరు. భయంతో ఏడ్చాను, సిగ్గు లేకుండా. బయట అత్తగారు తలుపు తడుతోంది. "హైమా, గడియెందుకు పెట్టినవే?" అప్పుడు లోపల బిడ్డ కదిలింది, సరిగ్గా నా వేళ్ల కింద. ఊపిరి వదిలేసి పొడిచేశాను.

మందు మెల్లగా నొక్కి, సూది తీశాను. రుద్దాలని తెలుసు, నా చెయ్యి ఆడలేదు. దూది అదిమిపట్టుకుని మంచం మీద అలాగే కూర్చుండిపోయాను, ఆయన సైకిలు వాకిట్లో ఆగేదాకా.

తలుపు తీసి, గాజు ముక్కలున్న పళ్లెం ఆయన ముందు పెట్టాను. ఆయన కూలబడిపోయారు.

"నీ బాధ చూడలేకపోయిన హైమా. నా చేతులతోటే నిన్ను గట్ల కమిలిచ్చుడు నాతోటి కాలే. ఓ వారం ఆపి, మచ్చలు తగ్గినంక మళ్ల మొదలు పెడ్దామనుకున్న."

పెళ్లయిన ఆరేళ్లలో ఆయన్ని ఏకవచనంలో పిలిచింది ఆ రోజే. "నా నొప్పి నేను పడతానని ఒప్పుకున్నాను. దాన్ని నన్నడక్కుండా తీసెయ్యడానికి నువ్వెవరు? నీకు చూడబుద్ధి కాకపోతే కళ్లు మూసుకో. ఇప్పుడు ఈ కాలు చూడు. ఈ బిడ్డ కూడా పోతే మచ్చలు లేని పొట్ట పెట్టుకుని నేనేం చేసుకోను?"

గుమ్మంలో నిలబడ్డ అత్తగారు దీపం తెచ్చి నా కాలి దగ్గర పెట్టింది.

తెల్లవారి ఆరింటికి ఇంకో సూది నేనే వేసుకున్నాను. ట్రాక్టరులో గడ్డి పరిచి కారేపల్లి దాకా, అక్కడినుంచి ఖమ్మం బస్సు. దారంతా కాలు ఆయన ఒళ్లో పెట్టుకున్నాను, మొహం మాత్రం కిటికీ వైపు తిప్పుకున్నాను. ఆయాసం వస్తుందేమోనని ప్రతి ఊపిరినీ కాపలా కాశాను.

డాక్టరమ్మ టేపుతో రెండు పిక్కలూ కొలిచింది, ఎడమది రెండు వేళ్లు ఎక్కువ. తర్వాత పొట్ట మీద గొట్టం ఆనించి చెవి పెట్టింది. ఒకచోట విన్నది, జరిపింది. ఇంకోచోట విన్నది, మళ్లీ జరిపింది. ఆమె మొహంలో ఏమీ కనిపించలేదు. మా ఆయన మంచం ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడ్డారు.

"ఉంది" అంది ఆమె. "బాగానే కొట్టుకుంటోంది. కాల్లో గడ్డ మొదలైంది, ఇంకా కిందనే ఉంది. పది రోజులు ఇక్కడే ఉండాలి. ఇంకో రెండు రోజులు ఆగి వస్తే నేను చెయ్యగలిగింది ఉండేది కాదు."

నేను ఏడుస్తుంటే ఆమె పొట్ట మీద చీర సర్దబోయి ఆగింది. అరచేతుల్లాంటి పాత మచ్చల పక్కన కందిగింజంత చుక్క ఒకటి, దాని కింద ఇంకొకటి.

"ఈ రెండే ఇంత చిన్నగా ఉన్నాయేం?"

"అవి నేను వేసుకున్నవి. రుద్దలేకపోయాను. ఊరికే అదిమి పట్టుకున్నాను."

"మిగతావాటిని రుద్దారా?"

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "రుద్దకపోతే కణితి లేస్తదని... బాగా రుద్దిన మేడమ్. పూటకు ఐదు నిమిషాలు."

ఆమెకు కోపం వచ్చింది, మా మొహాలు చూసి మింగేసింది. "ఈ మందు పడ్డచోట నెత్తురు జల్దీ ఆగదయ్యా. రుద్దితే తోలు కింద ఇంకా పాకుతుంది. కాపడమూ పెట్టకూడదు. అదిమి పట్టుకోవాలి, కదలకుండా. అంతే."

ఆయన తన చేతుల వంక చూసుకున్నారు. నాకు జాలి వేసింది, దాన్ని బయటపడనివ్వలేదు.

ఆ తర్వాత అన్ని సూదులూ నేనే వేసుకున్నాను. కుండనీళ్లలో తడిపిన గుడ్డ కాసేపు వేసి, మడత పట్టి, ఊపిరి వదిలి, పొడిచి, దూది అదిమి రెండొందలు లెక్కపెట్టేదాన్ని. ఒకరోజు కుడి, ఒకరోజు ఎడమ. నొప్పి పోయిందని అబద్ధం చెప్పను. చివరి రోజు కూడా మొదటి రోజంత నొప్పే. అయితే అది నా చేతిలో ఉంది, ఎంతసేపుంటుందో నాకు తెలుసు. ఆయన వాకిట్లో కూర్చుని గడియారం చూసి ఆరయిందని చెప్పేవారు. అంతకన్నా దగ్గరికి నేను రానివ్వలేదు.

ఆడపిల్ల పుట్టింది. కళ్లు తెరిచే పుట్టింది.

నెలన్నరకు నర్సమ్మ ఊళ్లోకి వచ్చి పిల్ల తొడకు టీకా వేసింది. పిల్ల ఊరు లేచిపోయేలా ఏడ్చింది. దూది పట్టుకున్నది మా ఆయన. అలవాటు ఎక్కడికి పోతుంది, అత్తగారు అరిచింది. "రుద్దురా, జల్దీ రుద్దు!"

ఆయన రుద్దలేదు. ఆ చిన్న తొడ మీద దూది బొటనవేలితో అదిమి పట్టి, పెదవులు కదుపుతూ లెక్కపెడుతున్నారు. పిల్ల ఏడుస్తోంది, ఆయన కళ్లు కారుతున్నాయి, వేలు మాత్రం కదలడం లేదు. రెండొందలు అయ్యేదాకా కదలలేదు.

ఆయన్ని నేను క్షమించింది ఆ రోజు. అంతకుముందు కాదు.