నలభై మూడు కిలోలు

"పద్దెనిమిదిన్నర!" అని కేకవేసి వరాహనరసింహం తమలపాకుల గంపను తూకం బల్ల మీంచి కిందికి లాగాడు. కిటికీ అవతల గుమాస్తా విల్‌ఫ్రెడ్ తల ఎత్తకుండానే రాసుకున్నాడు. ఖరగ్‌పూర్ పార్సిల్ ఆఫీసులో పంతొమ్మిదేళ్లుగా ఇదే పద్ధతి. ముల్లు తూచేవాడి వైపే తిరిగి ఉంటుంది. అతను అరిచిన అంకే కాగితం ఎక్కుతుంది.

బస్తాల కింద అతని కుడి భుజం అణిగిపోయింది. మెడ వెనక కాయ కాసింది. ఖాకీ చొక్కాకి ఊడిన గుండీ చోట చెల్లెలు కుట్టిన తెల్ల గుండీ ఒకటి.

ఆ రోజు పొద్దుటి నుంచీ అన్నిటి మీదా చిరాకే. చేపల బుట్ట నీళ్లు కారినా చిరాకే, మేక బల్ల మీద నిలబడకపోయినా చిరాకే. అసలు చిరాకు జేబులో మడతపెట్టిన కాగితం మీద. నది అవతల మేదినీపూర్ జైల్లో ఆడ వార్డర్లు కావాలట. పరీక్ష ఇవాళ మధ్యాహ్నం మూడింటికట. ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలట. బరువు నలభై అయిదు కిలోలకు తగ్గకూడదట. పళ్లు చూస్తారట. బెంగాలీ చదవడం రాయడం రావాలట. నడవడిక మంచిదని ఇద్దరు పెద్దమనుషులు సంతకాలు పెట్టాలట. పరీక్షలో నెగ్గితే ఆ రోజు నుంచే లోపలి క్వార్టర్లో ఉండాలి కాబట్టి పరుపుచుట్టతో సహా రావాలట.

"నన్ను రైల్వేలోకి తీసుకున్న రోజు బస్తా ఎత్తమన్నారు. ఎత్తినాను. అంతే! తాళాలేసుకోడానికి ఇన్ని సోదాలేటి?" అన్నాడు.

"మీ చెల్లి పాసవుతుందా, మ్యాన్?" అన్నాడు విల్‌ఫ్రెడ్.

"బరువు సాలదు" అని అతను ముఖం తిప్పుకున్నాడు.

తల్లినీ భార్యనీ ఒకే వానాకాలంలో పోగొట్టుకున్న మనిషి. ఎనిమిదేళ్ల కిందట భర్త పోయి చెల్లెలు నాగవల్లి న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలోని అతని క్వార్టర్‌కి వచ్చింది. అప్పటి నుంచి డ్యూటీ దిగి మలుపు తిరిగేసరికి కిటికీలో దీపం కనిపిస్తోంది. ఈ వారమంతా మధ్యాహ్నం క్యారియర్ తెచ్చినప్పుడల్లా ఆమె బల్ల ఎక్కింది. రోజూ అతను "నలభై మూడు" అన్నాడు. ఆ మాట నిలబెట్టుకోడానికి ఝపటాపూర్ బజారుకి వెళ్లి అరటిపళ్లు కొన్నాడు. తినవేమని కసిరి మరీ తినిపించాడు.

పన్నెండున్నరకి నాగవల్లి వచ్చింది. ఒక చేతిలో క్యారియర్, చంకలో పరుపుచుట్ట, పైన కాగితంలో చుట్టిన కొత్త నల్లబూట్లు. ఉద్యోగానికి అవీ కావాలట. అన్నీ దించి, పాత చెప్పులు విడిచి బల్ల ఎక్కింది.

"సూడు అన్నియ్యా. ఇదే ఆకరిసారి."

ముల్లు నలభై ఏడు దగ్గర ఆగింది.

"నలభై మూడే" అన్నాడు మెల్లగా. "ఎందుకే ఎల్లడం? రైలు టిక్కెట్టు దండగ."

ఆమె దిగలేదు. "మొన్న ఆస్పత్రిలో ఆయమ్మ తూసింది. నలభై ఏడు."

అతని చెవులు వేడెక్కాయి. "తెలిసీ ఆ పళ్లన్నీ ఎందుకు మింగినావు?"

"నువ్వు కొన్నావని. ఈ రోజైనా సెప్తావేమోనని ఎక్కినాను."

"ఎల్లు, ఎల్లు! నాకు కూడొండీవోళ్లు దొరకరనుకున్నావేటి?"

"నీకు గంజి వార్సడం కూడా రాదు. నాకది తెలీదేటి?" అంది బల్ల మీంచే. "ఎనిమిదేళ్లు నీ కూడు తిన్నాను. నా కూడు నేను తిని సూడాలనుంది అన్నియ్యా. నువ్వు సెప్పందే దిగను."

వెనక ఒడియా వ్యాపారి బుట్టతో గొణుగుతున్నాడు. వరాహనరసింహం ముల్లు వంక చూశాడు. పంతొమ్మిదేళ్లుగా అంకెలు అరిచిన గొంతుతో ఆఫీసంతా వినబడేలా అరిచాడు.

"నలభై ఏడు!"

విల్‌ఫ్రెడ్ తల ఎత్తకుండానే రాసుకున్నాడు.

నాగవల్లి దిగి, బూట్లు తొడుక్కుని, లేసులు ముడివేసింది. "పప్పు అడుగున ఉంది. సెలవిస్తే ఆదోరం వత్తాను" అంది. పరుపుచుట్ట ప్లాట్‌ఫారం దాకా అతనే మోశాడు, కుడి భుజం మీద. ఒంటిగంట ప్యాసింజరు ఆలస్యం లేకుండా కదిలింది. రోజూ లేటు పడే బండి!

తిరిగొచ్చేసరికి బల్ల పక్కన ఆమె పాత చెప్పులు ఉన్నాయి. ఎవరో తన్నుకుపోతారని విసుక్కుంటూ వాటిని తీసి బల్ల మీద పెట్టాడు. మడమల దగ్గర అరిగి, బొటనవేళ్ల అచ్చులు నల్లగా దిగిన ఆ చెప్పుల కింద తూకం ముల్లు సున్నా మీంచి కదల్లేదు.