మైకుల వెట్టిన ఒట్టు

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. ఎవ్వల్ని చూసినా ఏదో ఒక ఒట్టు. తెలంగాణ వచ్చేదాంక గడ్డం గీక్కోనని ఒకడు, కాళ్లకు చెప్పులెయ్యనని ఇంకొకడు. మరి మన సిద్ధిరాములుకేం తక్కువ. ఎల్బీనగర్ చౌరస్తల రిలే దీక్ష టెంటు కింద, పద్మశాలి సంఘం వంతు నాడు, మెడల పూలదండతోని కూసున్నడు. మైకు చేతికి రాంగనే అనేసిండు: "తెలంగాణ వచ్చేదాంక సిగరెట్ ముట్ట." చప్పట్లు మోగినయ్.

నిజానికి అంతకు మూడు దినాల ముందే, దగ్గు పడలేక, మలక్‌పేట దిక్కు ఒక సర్కారు దవాఖానకు పోయిండు. పొగాకు మాన్పించేటందుకు ఆడ వేరే గది ఉన్నది, పైస తీస్కోరు. నాగేశ్వరి అని గుంటూరు దిక్కు మేడం. నమిలే మందు బిళ్లలు చేతిల వెట్టి, "ఒక రోజు పెట్టుకుని మానేయండి. ఇంట్లో వాళ్లకి చెప్పండి. మధ్యలో తప్పితే సిగ్గుపడకుండా నా దగ్గరికి రండి, చాలామంది తప్పుతారు" అన్నది. ఇంట్ల చెప్పుమంటే ఈయన చౌరస్తల చెప్పిండు. గదే ఆయన కొంప ముంచింది.

ఐదో దినమే తప్పిండు. దిల్‌సుఖ్‌నగర్‌ల ఆయన పనిచేసే చీరల దుకాణంల కరెంటు లేదు, గిరాకి లేదు. చేతులకు పని లేక ఎనక మెట్ల కింద ఒకటి ఎలిగించిండు. ఇగ ఆగితే గద. సోంపు నములుడు, చేతులకు సబ్బు, అంగీకి సెంటు. చీర సూపియ్యాలంటే తన భుజం మీదనే కొంగు ఏస్కోని సూపియ్యాలె. ఒకామె ఆ కొంగు ముక్కుకాడికి తెచ్చుకొని, "సిగరెట్ వాసనొస్తుంది" అన్నది. గల్ల కాడ కూసున్న సేటు, "మా సిద్ధిరాములు తెలంగాణ కోసం మానిండమ్మా. ఎవలో గిరాకోళ్ల వాసన అయ్యుంటది" అన్నడు. ఈయన చెవులు కాలినయ్. చీర మడత వెట్టిండు.

నాగేశ్వరి మేడం ఫోన్ చేసి అడిగితే, "మానిన మేడం" అన్నడు. ఆమె సంతోషపడ్డది, ఈయనకు ఆ పూట అన్నం సైసలే. మళ్ల దవాఖానకు పోదామంటే, ఎవలన్న చూసి "మానినోనికి గాడేం పని" అంటరని భయం.

గసొంటి టైంల మట్టయ్య దుకాణానికి వచ్చిండు. టెంటు కాడ గుంజలు పాతి, చాపలు పరిచే ముసలాయన. నలభై ఏండ్ల సంది బీడీలు తాగినోడు.

"నీ మాటిని నేను గూడ మానిన బిడ్డా. ఆరు దినాలాయె. నిద్ర పడ్తలేదు, ఇంట్లోళ్ల మీద ఉత్తగనే గుర్రుమంటున్న. నువ్వెట్ల ఆపుకున్నవ్? జర నాక్కూడ చెప్పు."

సిద్ధిరాములు జేబుల ప్యాకెట్ ఉన్నది. దవాఖాన పేరు నోటిదాంక వచ్చింది. చెప్తే ముసలాయన ఆడికి పోతడు, మాటల్ల తన సంగతి తీస్తడు, ఎట్లనో బైటవడ్తది, ఇజ్జత్ పోతది. "ఏమున్నది కాకా, మనసు గట్టిగ చేస్కోవాలె. గంతే" అన్నడు. మట్టయ్య తలూపి పోయిండు. ఛీ, ఏం మాట అది. పుక్కటికి దొరికే మందును తన ఇజ్జత్ కోసం ఒక ముసలోనికి తెల్వకుండ దాసిండు.

నాలుగు దినాలాగి టెంటు ఎనకకు పోతె, మట్టయ్య గుంజకు ఆనుకొని కూసున్నడు. పండ్ల సందున బీడీ. ఈయన్ని చూసి దిగ్గున లేసి, బీడీ పారేసి, రెండు చేతులు జోడించిండు.

"మాఫ్ చెయ్ బిడ్డా. నా మనసు నీ అంత గట్టిది గాదు. మైకుల మాత్రం చెప్పకు."

ఆ జోడించిన చేతులు చూసి సిద్ధిరాములుకు తల కొట్టేసినట్టయింది. జేబుల నుంచి ప్యాకెట్ తీసి ఆయన చేతుల వెట్టిండు.

"నేను నాలుగు దినాలే ఆగిన కాకా. నీకు అబద్ధం చెప్పిన. ఒట్టి మనసుతోని అయ్యే పని గాదది. మాన్పిచ్చే దవాఖాన ఉన్నది, పైస తీస్కోరు. నాకు ముందే ఎరుక. నీకు చెప్పలే."

మట్టయ్య ప్యాకెట్ దిక్కు చూసిండు, ఈయన దిక్కు చూసిండు. తిట్టినా బాగుండు అనుకున్నడు సిద్ధిరాములు. "నడువు" అన్నడు ముసలాయన, గంతే.

బస్సులు లేవు. కొత్తపేట మీదికెల్లి నడిచిండ్రు. దుకాణం ముంగట సేటు, "ఏడికి సిద్ధిరాములు?" అని అడిగిండు. "సిగరెట్ మాన్పిచ్చుకునేటందుకు" అన్నడు, అందరు వినంగ. సేటు రోడ్డు మీదికొచ్చి చూసిండు. మట్టయ్య మాత్రం ఆగకుండ నడుస్తనే ఉన్నడు.

గదిల నాగేశ్వరి మేడం ముంగట ఒక్కటే కుర్చీ ఉన్నది. "ఎవరికండీ?" అని అడిగింది. సిద్ధిరాములు కుర్చీ మట్టయ్య దిక్కు జరిపిండు. "ఈ కాకకే" అని చెప్పి బైట నిలవడ్దామని ఒక్క పాపపు ఆలోచన వచ్చిన మాట నిజం.

ముసలాయన కుర్చీ మళ్ల ఇటు జరిపిండు. "ముందు ఈయన్ని చూడమ్మా. శానా దినాల సంది ఒక్కడే తిప్పలవడ్తుండు" అన్నడు.

సిద్ధిరాములు కూసున్నడు. "ఫోన్ల అబద్ధం చెప్పిన మేడం" అన్నడు, బల్ల దిక్కు చూసుకుంట. మట్టయ్య ఎనక నిలవడి ఆయన భుజం మీద చెయ్యేసిండు.