మూడో గుండీ

గుండీకీ గుడ్డకీ మధ్య అగ్గిపుల్ల పెట్టి, నాలుగు కన్నాల్లోంచీ దారం పోనిచ్చి, పుల్ల లాగేసింది గుండీలక్క. పుల్ల వదిలిన సందులో దారాన్ని ఆరు చుట్లు చుట్టింది. గుండీకి మెడ వచ్చింది. ఆ మెడలోంచి సూదిని రెండుసార్లు దూర్చి, ఎడమవైపు పొరల్లోకి దించి, దారం కొసని లోపలే పోగొట్టింది. ఇక అదెక్కడుందో కుట్టిన మనిషికి తప్ప ఎవరికీ తెలియదు.

ఇరవై ఎనిమిదేళ్లుగా ఆమె పని అదే. మేస్త్రి కత్తిరిస్తాడు, ఇద్దరు మిషన్ల మీద కుడతారు, కాజాలూ గుండీలూ ఆమెవి. కిటికీ పక్కన పీట, ఒళ్ళో చొక్కా. నడిమివేలి కొసన సూది తగిలి తగిలి శనగబద్దంత గుంట పడింది. మనుషుల్ని ఆమె ముఖాలతో కాక మూడో గుండీతో గుర్తుపడుతుంది. పొట్ట మీద బిగిసేది అదే. ఎవరికి ఒళ్ళొచ్చిందో వాళ్ళావిడ కంటే ముందు ఆమెకే తెలుస్తుంది. భర్త ఏనాడో వేరే కాపురం పెట్టుకున్నాడు. కూతురు దూరంగా ఉండి ఆదివారాలు ఫోన్ చేస్తుంది. తను కుట్టిన గుండీ ఊడిందని ఇంతవరకూ ఎవరూ దుకాణం మెట్లెక్కలేదు. గట్టిగా చెప్పుకోవడానికి ఆమెకున్నది ఆ ఒక్క మాటే.

ఈ నెల వరకూ.

పదకొండు గంటలకు మేడమీదావిడ దిగి వచ్చింది. దుకాణం పైనున్న రెండు గదుల్లో ఆవిడా, మంచానికీ కుర్చీకీ మధ్య రోజులు గడుపుతున్న ఆవిడ భర్తా ఉంటారు. చేతిలో ఆయన తెల్లచొక్కా.

"మళ్ళీనా పిన్నిగారూ?"

"మళ్ళీనే అమ్మాయ్." ఆవిడ లెక్కలో యాభై ఆరేళ్ళ గుండీలక్క ఇంకా అమ్మాయే. "పొద్దున తొడిగాను. కూర తరిగి వచ్చేసరికి ఆరూ తీసేశారు. నన్నెవరని అడుగుతారు గానీ గుండీలు మాత్రం మర్చిపోరు. ఛాతీకి చలి తగలనివ్వద్దని డాక్టరు ఒకటే గోల."

ఆవిడ కాగితం పొట్లం విప్పింది. ఆరు గుండీలు, ఆరు దారాలు.

దారాలు తెగలేదు. మూడు వారాలుగా గుండీలక్కకి నిద్ర లేకుండా చేస్తున్నది అదే. లాగి తెంపితే పోగులు రేగాలి, గుడ్డ చిరగాలి. ఇవి మూరెడేసి దారాలు. లోపల పోగొట్టిన కొసని వెతికి పట్టుకుని, మెడ చుట్లు విప్పి, వచ్చిన దారినే వెనక్కి తీసినవి. ఆ దారి ఆమె ఎవరికీ చూపలేదు. కూతురికి కూడా.

"బాబాయిగారు ఎప్పుడైనా కుట్టుపని చేశారా?"

"ఆయనా? పోస్టాఫీసులో ముద్రలు కొట్టారు నలభై ఏళ్ళు. సూదిలో దారం ఎక్కించమంటే పారిపోయేవారు." ఆవిడ గొంతు తగ్గించింది. "విప్పేటప్పుడు చేతుల వైపు చూడరమ్మాయ్. నేల వైపు చూస్తారు. సరిగ్గా కింద నువ్వు కూర్చునే చోటికి."

గుండీలక్క తలెత్తి కప్పు వైపు చూడబోయి, మానుకుంది.

"ఈసారి ఊడవు. ఊడితే నేనీ పని మానేస్తాను."

"అంత మాటనకు అక్కా," అన్నాడు మేస్త్రి కత్తెర ఆపకుండా. "ఆ కాజాలు నా మెడకి చుట్టుకుంటాయి."

ఆమె నవ్వలేదు. రెండు పోగుల దారానికి మైనం పట్టించింది. గుడ్డ లోపలివైపు పట్టు కోసం చిన్న గుండీలు ఆనించింది. ఆరుకు బదులు పన్నెండు చుట్లు. కొసని ఎడమకి కాకుండా కుడికి తిప్పి, మూడు వేళ్ళ దూరం నడిపించి, అంచు మడతలో దాచింది. మూడో గుండీ కుడుతుండగా, అవతల నుంచి ఎవరో పట్టి చూసినట్టు దారం ఒక్కసారి బిగిసింది. చొక్కా తిరగేసి చూసింది. ఏమీ లేదు. పైన కుర్చీ కిర్రుమంది.

రెండింటికి చొక్కా తనే తీసుకెళ్ళింది. పెద్దాయన శుభ్రంగా తల దువ్వించుకుని కుర్చీలో ఉన్నాడు. ఆవిడ తొడిగి గుండీలు పెట్టగానే ఆయన వేళ్ళు మొదటిదాని మీదికి వెళ్ళాయి. మెడ తడిమాయి, ఎడమవైపు పొరల్లో వెతికాయి, వదిలేశాయి. రెండోది. మూడోది. ఆరోదాకా వెళ్ళి మళ్ళీ పైకి వచ్చాయి. గుండీలక్క గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంది. లోపల సంతోషం పొంగింది. దానికి కాస్త సిగ్గు కూడా వేసింది.

ఆయన మొదటిసారి తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు.

"ఇటే కదా ఉండేది," అన్నాడు. పక్క పీట మీద కూర్చున్నవాళ్ళని అడిగినట్టు.

ఆయన చేతులు మెల్లిగా ఒళ్ళోకి జారాయి.

"హమ్మయ్య," అంది ఆవిడ. "ఎన్నాళ్ళకి ఖాళీగా కూర్చున్నారు."

అయిదున్నరకి మెట్ల మీద నుంచి ఆవిడ గొంతు వినిపించింది. మామూలుగానే ఉంది.

"అమ్మాయ్, కత్తెర పట్టుకుని ఒకసారి పైకి రా."

పెద్దాయన కుర్చీలోనే ఉన్నాడు. కళ్ళు నేల వైపు ఉన్నాయి. కుడిచేతి వేళ్ళు మూడో గుండీని పట్టుకుని బిగుసుకుపోయాయి.

"నువ్వెళ్ళాక చాలాసేపు చేతులు కదల్చలేదు. ఏం చెయ్యాలో తోచని మనిషిలా ఉన్నారు. ఎప్పుడు మళ్ళీ పట్టుకున్నారో నేను చూడలేదు. నిద్రపోయారనుకున్నాను." ఆవిడ ఏడవడం లేదు. "చొక్కా మార్చాలి. వేళ్ళు రావట్లేదు. ఆ ఒక్కటీ ఇచ్చెయ్యి అమ్మాయ్."

గుండీలక్క కత్తెర మొన గుండీ మెడకి ఆనించి, మళ్ళీ తీసేసింది. కత్తెర కింద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుంది. అంచు మడతలో గోరు పెట్టి కొసని పట్టుకుంది.

"ఇటు, బాబాయిగారూ," అంది చిన్నగా. "ఈసారి ఇటు దాచాను."

ఒక్కొక్క చుట్టే విప్పింది. పన్నెండూ విప్పి, కన్నాల్లోంచి దారం వెనక్కి లాగేసరికి, చల్లబడిన ఆ చెయ్యి గుండీతో సహా ఒళ్ళోకి దిగి, మూసుకుంది. ఆవిడ అది చూసి పక్కకి తిరిగింది.

కుర్చీ చేతి మీద పెట్టిన దారం ఎక్కడా తెగలేదు. మైనం పట్టిన ఆ రెండు పోగులూ కాసేపు సాగదీసినట్టే ఉండి, తర్వాత ఎవరూ ముట్టుకోకుండానే, ఒక్కొక్క చుట్టే, మళ్ళీ చుట్టుకున్నాయి.