ఎవరో పిలిచినట్టయింది

మిగిలినాయన వంగి, బాయిలరు పక్కనున్న గాజుగొట్టంలో నీళ్ళు ఎంతున్నాయో చూశాడు. సగం దాకా ఉన్నాయి. నమ్మకం కుదరక గుడ్డతో గాజు తుడిచి మళ్ళీ చూశాడు. గంటకోసారి చూడవలసినదాన్ని ఏడాదిగా పది నిమిషాలకోసారి చూస్తున్నాడు.

ఆసుపత్రి దుప్పట్లు ఉడకబెట్టే గది అది. ఇరవై రెండేళ్ళ వేడికి అతని ముంజేతుల మీద వెంట్రుకలు మొలవడం మానేశాయి. ఎదురుపడినా ఎవరూ ముఖం గుర్తుపెట్టుకోనంత మామూలు మనిషి. పోయిన ఏడాది బాయిలరు పేలి, తోటి పనివాడు పోయి తను దక్కాక మాత్రం అందరికీ తెలిశాడు. 'మిగిలినాయన' అన్న పేరూ అప్పుడే అంటుకుంది.

మధ్యాహ్నం స్టోరు గుమస్తా గుమ్మంలోంచే తొంగిచూశాడు. చర్చిలో సంఘపెద్ద కూడా ఆయనే.

"సాయంత్రం జ్ఞాపకార్థ కూడిక. సాక్ష్యం నీదే."

"ఆవిడ కూడా వస్తుందాండీ?"

"మొగుడి కూడికకి ఆవిడ రాక మీ బాయిలరొస్తుందా? ఎప్పుడూ చెప్పేదే చెప్పు. 'బయటికి రా' అన్నచోట కాస్త ఆగు. పోయినసారి గబగబా మింగేశావు."

"గొంతు బాగాలేదండీ."

"చెప్పేది దేవుడి మాటయ్యా, నీ గొంతుతో పనేముంది," అని తన మాటకు తనే నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

పుట్టినప్పుడు ఆ అబద్ధం చీమంతే. నువ్వెలా బయటపడ్డావని విచారణకొచ్చిన అధికారి అడిగితే, నోరు తడబడి, "ఎవరో పిలిచినట్టయిందండీ" అన్నాడు. ఆదివారం పాస్టరుగారు, "ఎవరో కాదు, ప్రభువే" అన్నారు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఆ పిలుపు 'బయటికి రా' అన్న ప్రభువు మాటైంది; ఆ తర్వాత అది అతని చేతిలో లేదు. పక్క సంఘాలవాళ్ళు బండి పంపి మరీ పిలిపించుకున్నారు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ కళ్ళు తుడుచుకోవాలో అలవాటైపోయింది.

జరిగింది మాత్రం ఇంతే. గాజుగొట్టం ఖాళీగా కనబడింది; నీళ్ళింకితే బాయిలరు పేలుతుంది. అతను పరిగెత్తాడు. తోటివాడు బాయిలరు వెనక మూటలు సర్దుతూ ఈల వేస్తున్నాడు. తలుపు దాటేదాకా ఆ ఈల వినబడుతూనే ఉంది.

సాయంత్రం చర్చి నిండింది. ప్రార్థన కోరేవాళ్ళు లేవమన్నప్పుడు పోయినవాడి భార్య ముందు బల్ల మీంచి లేచింది. ఏడాదిలో సగమైంది మనిషి.

"అన్నయ్యని పిలిచిన దేవుడు మా ఆయన్ని ఎందుకు పిలవలేదని కోపం పెట్టుకున్నాను," అంది తలెత్తకుండా. "మోకాళ్ళ మీద పడినా పోవట్లేదు. తప్పు నాదే. ప్రభువు నన్ను క్షమించాలని అందరూ అడగండి."

మిగిలినాయన మనుషులతో అబద్ధమాడాననుకున్నాడు ఇన్నాళ్ళూ. దేవుడి మీద అబద్ధ సాక్ష్యం చెప్పి, ఒక ఆడమనిషిని ఆయనకు దూరం చేశానని అప్పుడు తెలిసింది.

పేరు పిలిచారు. ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. ఎప్పటిలాగే మొదలుపెట్టి, 'బయటికి రా' అనవలసిన చోట ఆగాడు. బాగా ఆగాడని సంఘపెద్ద తలాడించాడు.

"గొట్టంలో నీళ్ళు లేవని చూసి పారిపోయాను చెల్లెమ్మా. ఒక్క కేక వేస్తే వాడూ వచ్చేవాడు. నన్నెవరూ పిలవలేదు. నేనే వాణ్ణి పిలవలేదు."

ఎవరో దగ్గారు. "మన సహోదరుడు దుఃఖంలో ఏదో అంటున్నాడు," అని పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు. జనం బతుకుజీవుడా అని గొంతు కలిపారు.

ఆమె లేచి అతని దగ్గరికి వచ్చింది.

"ప్రాణభయంతో పరిగెత్తావు. ఎవరైనా పరిగెత్తుతారు, దాన్ని క్షమించేదాన్నేమో. ఈ మాట మాత్రం ఏడాదిపాటు తీరిగ్గా చెప్పావు కదా అన్నయ్యా. నీ తప్పు దేవుడి నెత్తిన రుద్ది, నాచేత ఆయన్ని తిట్టించావు."

పాటలో ఇంకా రెండు చరణాలుండగానే ఆమె గుమ్మం దిగి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

"నిక్షేపంలాంటి సాక్ష్యం, పాడుచేశావు," అన్నాడు సంఘపెద్ద, దీపాలార్పుతూ. "ఇప్పుడీ నిజం ఎవరికి పనికొచ్చిందయ్యా?"

ముందు బల్ల మీద, భర్త పేరున అందరికీ పంచాలని ఆమె తెచ్చిన బిస్కెట్ల డబ్బా ఉంది. మూత ఊడకుండా తాడుతో రెండు చుట్లు చుట్టి, గట్టిగా ముడి వేసి ఉంది.