పెరటాసి నెలలో గుడ్డు

బస్సులో అరవై మందిని "జరగండి, జరగండి" అని గదమాయించి లోపలికి తోసే జయంతికి, ఇంట్లో మంచం మీదున్న ఒక్క మనిషిని పక్కకి జరిపించడం చేతకావడం లేదు. ఆమె తిరుపతి నుంచి చిత్తూరు పోయే బస్సులో కండక్టరు. మంచం మీదున్నది నాయన దేవరాజులు. బాత్రూములో జారిపడి తుంటి విరిగింది, ఆపరేషనైంది, ఎముక అతుక్కుంటోంది కూడా. కానీ కదలకుండా పడుకుని పడుకుని నడుం కింద పుండు పడింది. మొదట రూపాయి బిళ్లంత ఎర్రగా కనిపించింది, ఇప్పుడు అరచేతిలో సగం ఉంది.

"పైన మేమెన్ని కట్లు కట్టినా కండ లోపల్నుంచి పుట్టాల్సిందే. ఈయన ఒంట్లో దానికి సరుకు లేదు" అన్నాడు డాక్టరు. "పప్పు, గుడ్లు, పాలు బాగా పెట్టండి. రెండు గంటలకోసారి పక్కకి తిప్పండి. వచ్చే నెలకీ ఇట్లే ఉంటే పుండు ఎముక దాకా పోతుంది. అప్పుడు నా చేతిలో ఏమీ ఉండదు."

సరుకు సంగతి వంటింటిది. ఆ వంటింట్లో జయంతి తల్లి శకుంతలమ్మ మాటకు తిరుగు లేదు. పుండున్న మనిషికి పప్పు పెడితే చీము పడుతుందన్న నమ్మకం ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకుంది. పాలు కఫం. పెరుగు జలుబు. చెనిక్కాయలు పైత్యం. ఇక గుడ్డంటారా, సరిగ్గా అప్పుడే పెరటాసి నెల వచ్చి కూర్చుంది. గోవిందుడి నెలలో గుడ్డు గడప దాటి లోపలికి రాకూడదు. అన్నీ తీసేయగా మిగిలింది చారన్నం. మూడు పూటలా అదే పెట్టి, ఎంత పత్యంగా చూసుకుంటోందో వీధంతా చెప్పుకునేది.

"మా, చారుతో కండ పుడతాదా? నువ్వే సెప్పు."

"చీము పడితే నువ్వొచ్చి తుడస్తావా? పొద్దున బస్సెక్కితే రేత్రికి దిగుతావు."

జయంతి తల పట్టుకుంది. టికెట్టు తీసుకోకుండా వాదించే మనిషినైతే దింపేస్తానని బెదిరించవచ్చు. అమ్మని ఎక్కడ దింపేది?

చివరికి ఒక ఉపాయం పారింది. "పెరటాసిలో మాత్రలు మింగితే గోవిందుడికి కోపమొస్తాదా? డాక్టరు సెప్పినాడంటే గుడ్డు కూడా మందే కదా" అంది. శకుంతలమ్మ చాలాసేపు ఆలోచించి షరతులు పెట్టింది. గుడ్డు వసారాలోనే ఉడకాలి. వేరే పొయ్యి, వేరే గిన్నె. తను ముట్టదు. పెంకులు ఇంట్లో పడకూడదు. జయంతి అన్నిటికీ తలూపింది. డ్యూటీకి పోయే ముందు చిన్న కరెంటు పొయ్యి మీద రెండు గుడ్లు ఉడకబెట్టి, ఒలిచి, గిన్నెలో వేసి నాయన తల దగ్గర పెట్టేది.

"తిను నాయనా."

"రవంతసేపాగి తింటాలే మా. నువ్వు పో, బస్సు పోతాది."

సాయంత్రానికి గిన్నె ఖాళీ అయ్యేది. జయంతికి ప్రాణం లేచొచ్చింది. అమ్మకి ఇంకో సంతోషం. మహాలయ పక్షాలు కావడంతో, నాయన మంచం పక్క కిటికీ దగ్గర కాకులు గుంపులుగా వచ్చి వాలుతున్నాయి. "మన పెద్దోళ్లు ఆయన్ని సూసేదానికి వచ్చినారు. ఇంగ భయం లేదు" అని పక్కింటికి కూడా వెళ్లి చెప్పొచ్చింది.

పుండు మాత్రం మానలేదు. కట్టు మార్చడానికి వచ్చే నర్సు జెస్సీ దూది పక్కన పెట్టి, "అక్కా, ఇంకా లోతు పోయినట్టుండాది. పెద్దాయన నిజంగా తింటా ఉండాడా?" అని అడిగింది.

జయంతి అనుమానం తిన్నగా వంటింట్లోకి పోయింది. "నేను గడప దాటితానే గుడ్లు పారేస్తా ఉండావు గదా మా? నీ పత్యానికీ నీ పెరటాసికీ నాయన్ని బలి పెడతావా?" అని నోటికొచ్చినట్టు అనేసింది. శకుంతలమ్మ మాటకు మాట అప్పజెప్పే మనిషి. ఆరోజు మాత్రం చారుగిన్నె దించి, "గోవిందుడి మీద ఒట్టు, నేను ముట్టలా" అని ఊరుకుంది. జయంతి నమ్మలేదు.

మర్నాడు చంద్రగిరి దాటకుండానే బస్సు మొరాయించింది. జనాన్ని వేరే బస్సెక్కించి, డిపోలో చెప్పి, జయంతి పొద్దెక్కకముందే ఇల్లు చేరింది. సందు తిరగ్గానే కాకుల గోల. ఆగి చూసింది. కిటికీ ఊచల మధ్య నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది, ఎముకకి తోలు అంటుకున్న చెయ్యి. వేళ్ల మధ్య గుడ్డు ముక్క. దాన్ని గట్టు మీద పెట్టి చెయ్యి లోపలికి పోయింది. కాకి ఎత్తుకుపోయింది. చెయ్యి మళ్లీ వచ్చింది.

జయంతికి ఒళ్లు మండిపోయింది. చెప్పులైనా విప్పకుండా లోపలికి పోయి గిన్నె లాక్కుంది.

"ఏంది నాయనా ఇది? నేను సీకట్లో లేసి ఉడకబెట్టేది కాకులకా? నీకోసరం అమ్మని అనరాని మాటలన్నా. సావాలని ఉండాదా నీకు?"

దేవరాజులు గోడవైపు చూశాడు.

"తింటే దొడ్డికి వస్తాది మా. వస్తే మీయమ్మ నన్ను తిప్పాల, కడగాల, గుడ్డలు పిండాల. ఆమెకి నడుమే నిలబడదు. కడిగినాక గోడ పట్టుకోని నిలబడుకుంటాది, నువ్వు సూసిందిల్యా. తక్కువ తింటే ఆ పని కూడా తక్కువ."

"పక్కకి తిప్పుదామని వస్తే నిద్రపోతా ఉంటావే, అదీ అందుకేనా?"

ఆయన అవునన్నట్టు తలాడించాడు.

జయంతికి ఇంకా అరవాలనే ఉంది. ఎవరి మీద అరవాలో తెలియలేదు. ఒకరు ప్రేమకొద్దీ మాడుస్తున్నారు, ఇంకొకరు ప్రేమకొద్దీ మాడుతున్నారు. ఈ ఇంట్లో కడుపు నిండా తింటున్నది ఆ పుండు ఒక్కటే.

గుమ్మం దగ్గర అలికిడైంది. శకుంతలమ్మ నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది. ఎప్పట్నుంచి వింటోందో ఏమో. లోపలికి రాకుండా వెనక్కి తిరిగి వసారాలోకి పోయింది. జయంతి వెళ్లి చూస్తే, ఆ వేరే పొయ్యి మీద ఆ వేరే గిన్నె పెట్టి గుడ్డు ఉడకబెడుతోంది.

"నేను జేస్తాలే మా."

"నువ్వు పక్కకి జరుగు."

ఒలిచి తెచ్చి, చిదిపి, ఉప్పద్ది మొగుడి నోటి దగ్గర పెట్టింది.

"కడిగేది నేను. నడుం నాది, చేతులు నావి. వాటి బాధ నీకెందుకు? నువ్వుంటే నాకు కష్టం కాదయ్యా, నువ్వు ల్యాకపోతే కష్టం. తెరు నోరు."

"పెరటాసి..." అన్నాడాయన.

"గోవిందుడికి నేను సెప్పుకుంటాలే."

ఆయన నమిలాడు. నిదానంగా, దవడలకు ఆ పని కొత్తయినట్టు నమిలాడు. కిటికీ మీద కాకి అరిచింది. "పెద్దోళ్లయినా సరే, ఇంగ పొండి" అని శకుంతలమ్మ కిటికీ రెక్క మూసేసింది. ఆ సాయంత్రం ఇంట్లో పప్పు ఉడికింది. చీము పడితే మాత్రం ఆ డాక్టర్ని ఆస్పత్రిలోనే నిలదీస్తానని జయంతికి చెప్పి పెట్టింది.

మరునాడు జయంతికి సెలవు. తల్లీ కూతురూ అన్నానికి కూర్చున్నారు. గదిలోంచి గొంతు వినిపించింది. మంచాన పడినప్పట్నుంచీ ఆ మనిషి తనకేదైనా కావాలని ఎవర్నీ పిలిచింది లేదు. గుడ్డ తడిస్తేనే వీళ్లకు తెలిసేది.

"శకుంతలా, రవంత ఇట్లా రా. దొడ్డికి వచ్చేట్టుండాది."

శకుంతలమ్మ సగం అన్నంలోనే చెయ్యి కడుక్కుని, నడుం పట్టుకుని లేచింది. "వస్తా ఉండా, వస్తా ఉండా" అంది, ఎవరో పెళ్లికి పిలిచినట్టు. జయంతి బకెట్టు తీసుకుని వెనకే నడిచింది.