కిటికీలో పెట్టిన దగ్గు పొడి

మేనత్త ఏళ్ల తరబడి సంపాదించుకున్న మంచి పేరును మేనల్లుడు ఒక్క వేసవిలో ఎండబెట్టేశాడు.

ఆవిడ దగ్గు పొడి నీడలో ఆరిన ఆకులది. ముదురు రంగు సీసాల్లో, చెక్క బీరువాలో ఉండేది. మూత తీస్తే ఘాటు ముక్కుకు కొట్టేది. అత్త మందుల షాపు చేతికి రాగానే మేనల్లుడనే మహానుభావుడికి జ్ఞానోదయమైంది. కనపడని సరుకు అమ్ముడుపోదట! పొడినంతా తెల్లగాజు సీసాల్లోకి మార్చి, పడమటెండ పడే కిటికీలో పేర్చాడు. అది చాలనట్టు పైన లైట్లు బిగించాడు. ప్రతి సీసా మీదా అత్త నవ్వుతున్న ఫొటో అంటించాడు. ఆవిడ ఒక్క పాత సీసా మాత్రం వాడి కంటపడకుండా బీరువాలో దాచుకుంది.

"ఒరేయ్, ఎండకీ వేడికీ ఆకులో సారం పోతుందిరా. ఏడాది ఉండాల్సింది నాలుగు రోజులకే పనికిరాకుండా పోతుంది," అంది అత్త.

"సీసా మీద డేటు ఇంకా బోలెడుంది కదత్తా!"

సూర్యుడు ఆ డేటు చదివి పక్కకు తప్పుకుంటాడని కాబోలు వాడి నమ్మకం.

వేసవి ముదిరేసరికి పచ్చటి పొడి ఎండుగడ్డి రంగుకు తిరిగింది. వాసన చూస్తే ఉత్త దుమ్ము. ఫొటోల్లో అత్త కళ్లూ ముక్కూ వెలిసిపోయి నవ్వొక్కటే మిగిలింది. "ఇది మీ చేతి మందేనా అమ్మా?" అని ఒక ముసలాయన అడిగిన రోజు ఆవిడకు అన్నం సహించలేదు. అవమానంతో ఒళ్లు మండిపోయింది.

ఒక సాయంత్రం షాపు నిండా జనం ఉండగా మేనల్లుడు తన కూతుర్ని భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. పిల్ల ఖంగుఖంగుమని దగ్గుతోంది. వాడు కిటికీ వైపు తలైనా తిప్పలేదు.

"అత్తా, నువ్వు బీరువాలో దాచుకున్నది కొంచెం ఇవ్వవూ?" అన్నాడు గొంతు తగ్గించి.

"అదేమిట్రా? కిటికీ నిండా నీ సరుకుందిగా, డేటు కూడా బోలెడుందిగా!" అత్త గొంతేమీ తగ్గించలేదు.

జనం వాడినీ సీసాలనూ మార్చి మార్చి చూశారు.

వాడి తెలివితక్కువతనానికి పసిది ఏం చేస్తుంది? అత్త బీరువా తెరిచి, సీసా అడుగున ఉన్న పొడిని తేనెలో రంగరించి పిల్ల చేత నాకించింది.

జనంలోంచి ఆ ముసలాయన ముందుకొచ్చి తన చేతిలోని తెల్లగాజు సీసాను బల్ల మీద పెట్టాడు. "మాకూ ఆ బీరువాలోదే ఇవ్వమ్మా."

"లేదు బాబూ. అదే ఆఖరు. మిగిలిందంతా వీడు ఎండకు పోశాడు."

ఆవిడ ఆయన సీసా అందుకుని, దాని మీద మిగిలిన తన నవ్వును గోటితో గీకేసింది.